ఒక్కడే కొడుకు

మా అమ్మ నాకిష్టమైనవన్నీ ఒకేసారి కొనిపెట్టిన రోజే నాకు అనుమానం వచ్చింది.

మెడ దగ్గర గుచ్చుకునే లేబుల్ లేని నూలు చుడీదార్లు, వేరుశనగ ఉండలు, చప్పుళ్లు తగలకుండా చెవుల్లో పెట్టుకునే మెత్తటి బిళ్లలు. ఆ బిళ్లలు చూస్తే మామూలుగా అమ్మకు ఒళ్లు మండుతుంది. "చెవిటిదాని మాదిరి అవేంది, తీసెయ్" అంటుంది. అలాంటిది తనే తెచ్చి, కొత్త సంచీలో సర్ది, నా మంచం మీద పెట్టింది. అడగకుండా ఇన్ని వచ్చాయంటే నా దగ్గర నుంచి ఇంకేదో పోబోతోందని అనుకున్నాను.

మనుషుల మొహాలు చదవడం నాకు చేతకాదు. నవ్వుతూ తిడతారు, తిడుతూ ముద్దు చేస్తారు, "ఏం లేదు" అన్నప్పుడల్లా ఏదో ఒకటి ఉంటుంది. అందుకని మాటనూ మొహాన్నీ పక్కన పెట్టి, చేతులు ఏం చేస్తున్నాయో చూడడం అలవాటు చేసుకున్నాను. మా అన్న కళ్యాణ్ దీన్ని పోలీసు బుద్ధి అంటాడు.

పత్తికొండ బజారులో ముందర నాయన కిరాణా అంగడి, వెనక మా ఇల్లు. ఆ ఎండాకాలం ఇంటికి సున్నం కొట్టించారు. పండగ లేదు, పబ్బం లేదు. సున్నం ఆరాక దేవుళ్లందరూ ఎవరి మేకుకు వాళ్లు తిరిగొచ్చారు. శ్రీశైలం డ్యాం ముందర మేం నలుగురం దిగిన ఫోటో మాత్రం రాలేదు.

"ఫోటో యాడమ్మా?"

"అద్దం పగిలింది. కట్టిచ్చేదానికి ఇచ్చినాం."

సున్నం కొట్టే ముందు ఆ ఫోటో దించింది నేనే. పాత చీరలో చుట్టి దాచిందీ నేనే. అప్పుడు అద్దానికి ఏమీ కాలేదు.

మరుసటి రోజు అన్నం దగ్గర, రాయచోటిలో మేనత్త అలివేలమ్మకు ఒంట్లో బాగలేదని, కొన్నాళ్లు నేను తోడుండాలని చెప్పారు. ఏం జబ్బని అడిగాను. మోకాళ్లు అంది అమ్మ. అప్పుడే నోట్లో ముద్ద పెట్టుకుంటున్న నాయన, షుగరు అన్నాడు. నేను అన్న వైపు తిరిగాను.

"జొరం" అన్నాడు, కంచంలోకే చూస్తూ.

ముగ్గురు మనుషులు, మూడు జబ్బులు. ముందురోజు ఫోనులో అత్త గొంతు గదంతా మోగింది. ఆ మాటే అన్నాను.

"అన్నిటికీ ఎదురు ప్రశ్నలేనా? పోయి రామ్మా" అంది అమ్మ. ఆమె చెయ్యి చీర కొంగును మెలిపెడుతూ ఉంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నాకు పదిహేనేళ్లప్పుడు, బడికి పోనని మెట్ల కింద దూరి రోజుల తరబడి బయటికి రాకపోతే, కర్నూలులో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయారు. ఆమె నాతో చాలాసేపు మాట్లాడి, మళ్లీ రమ్మని ఇంకాసేపు మాట్లాడి, ఆటిజం అని చెప్పింది. అంతదాకా నాకున్న పేర్లు వేరే: మొండిది, పొగరుబోతుది, దిష్టి తగిలింది.

"అది చిన్నపిల్లలకు కదా మేడమ్ వచ్చేది?" అన్నాడు నాయన.

"చిన్నప్పటి నుంచీ ఉంది. అందరి మాదిరి నటించీ నటించీ అలిసిపోయింది మీ అమ్మాయి. ఇప్పుడు మీకు కనబడింది" అందామె.

నేను గట్టిగా ఏడ్చాను. అది హాయితో వచ్చిన ఏడుపని ఎవరికీ తెలియలేదు. తిరుగు బస్సులో అమ్మ నా చెవి దగ్గర చెప్పింది, ఈ మాట మన గడప దాటకూడదని. మాట దాటలేదు. సున్నం కొట్టించిన ఎండాకాలం నన్ను దాటించారు.

నాయనే తోడొచ్చాడు. కడపలో బస్సు మారేటప్పుడు, చున్నీ మొహం మీదికి కప్పుకోమన్నాడు.

"ఏమిటికి?"

"ఎండమ్మా."

మేం నిలబడింది రేకుల షెడ్డు కింద. నీడలో ఎండేమిటో నాకు అర్థం కాలేదు. నాయన మాత్రం ఎవరో తరుముతున్నట్టు అటూ ఇటూ చూస్తూనే ఉన్నాడు. ఏ ఊరు పోయినా ఆ ఊరి పలహారం కొనిపెట్టే మనిషి, ఆ రోజు కారందోశ వాసన వస్తున్నా బెంచీ మీద నుంచి కదలనివ్వలేదు.

రాయచోటిలో అత్త బిందె ఎత్తుకుని గబగబా నడుస్తూ ఎదురొచ్చింది. "నీకేం జబ్బు అత్తా?" అని అడిగాను.

అత్త నాయన మొహం చూసింది. "అన్నీ ఉండాయిలే మే" అంది.

* * *

అత్తది మ్యాచింగ్ సెంటర్. చీరకు తగిన రవికె గుడ్డలు, లైనింగులు, ఫాల్సు అమ్ముతుంది. మామ పోయినప్పటి నుంచి ఒక్కతే నడుపుతోంది. అంగడి అరుగు మీద కుట్టుపని చేసే దస్తగిరమ్మ మిషను. కొన్న ఫాల్ అక్కడికక్కడే చీర అంచుకు కుట్టి ఇస్తుంది. ఆ మిషను చప్పుడు నాకు హాయిగా ఉండేది. ఒకే తీరుగా వస్తుంది, నన్ను ఏమీ అడగదు.

బేరాలకు వచ్చేవాళ్లకే నాతో ఇబ్బంది. కళ్లలోకి చూడకుండా ధర చెబితే ఎక్కువ చెబుతున్నానేమో అని వాళ్లకు అనుమానం. పక్కనోళ్లను అడిగి వచ్చి, అదే ధరకు తీసుకుని పోయేవాళ్లు. వాళ్లు నన్ను, నేను వాళ్లను, ఇలా ఒకర్నొకరు కనిపెట్టుకుని ఉండేవాళ్లం. ఇంటికి ఫోను చేస్తే అమ్మ రెండు మాటల్లో పెట్టేసేది. అన్న అసలు ఎత్తేవాడు కాదు.

ఒక మధ్యాహ్నం ఒక అమ్మాయి వచ్చింది. నా ఈడుదే ఉంటుంది. చేతిసంచీలోంచి వంకాయ రంగు చీర తీసి, దీనికి ఫాల్ కావాలంది. కొలత కోసం చీర అంచు తిప్పాను. లోపల ఫాల్ కుట్టే ఉంది, కొత్తదే.

"దీనికి ఉందే" అన్నాను.

"అవునా? నేను సూసుకోలే" అని లైనింగు చూపించమంది. చూపిస్తే గుడ్డను ముట్టుకోనైనా లేదు.

మరుసటి రోజు అదే సంచీతో మళ్లీ వచ్చింది. సొంతూరు యాడ, ఈడికి ఏమిటికి వచ్చినావు, ఎన్నాళ్లుంటావు, ఏమన్నా మందులు మింగుతావా అని అడిగింది. గుడ్డలంగడిలో మందుల సంగతి అడిగేవాళ్లను నేనెప్పుడూ చూడలేదు. ఆమె వెళ్లగానే గల్లాపెట్టె తాళం లాగి చూశాను.

"ఆ బిడ్డ గుడ్డ సూడ్డానికి రాలే. నిన్ను సూడ్డానికి వస్తాంది" అంది దస్తగిరమ్మ, సూదికి దారం ఎక్కిస్తూ.

"నన్నేమిటికి?"

"అల్లాకే తెల్సు. మళ్లీ వస్తే అడుగు. నీకు మొగమాటం లేదు గదా."

మూడోసారి వచ్చినప్పుడు అత్త అన్నానికి పోయింది. ఆమె సంచీ తెరవకముందే అడిగేశాను.

"నువ్వు ఎవరు? ఫాల్ ఉన్న చీరకు ఫాల్ ఏమిటికి అడుగుతాండావు?"

ఆమె బల్ల అంచు పట్టుకుని స్టూలు మీద కూర్చుంది. "నీ పేరు పద్మప్రియ గదా? పెద్దసుబ్బయ్య గారి కూతురువు గదా?"

"అవును."

"నా పేరు ఉదయశ్రీ. మాది కడప. మీ అన్నకు నన్ను ఇస్తాండారు. వచ్చే బేస్తవారం నిశ్చితార్థం."

మా అన్న పెళ్లి సంగతి నాకు అలా తెలిసింది. గుడ్డలంగడిలో, తెలియని మనిషి నోట. సున్నం, ఫోటో, కడప బస్టాండులో చున్నీ, అన్నీ ఒక్కొక్కటిగా వచ్చి వాటి చోట్లలో కూర్చున్నాయి.

"నాకు చెప్పలేదు" అన్నాను.

"మాకూ నువ్వు ఉండావని చెప్పలే. ఒక్కడే కొడుకు, ఇంకెవరూ లేరని చెప్పినారు. సంబంధం ఖాయం అయినాక పత్తికొండ నుంచి వచ్చిన ఒకాయన, ఆడపిల్ల ఉండాల్నే అన్నాడు. ఇంగ అనుమానం పట్టుకుంది మా అమ్మకు. పిచ్చిదని ఒకరు, ఎవరితోనో లేచిపోయిందని ఒకరు. గొలుసులేసి కట్టేసినారని గూడ విన్నాం. రాయచోటిలో ఉండావని మా పిన్నమ్మ ఆరా తీసింది. నా కండ్లతో నేనే సూసుకుందామని వచ్చినా."

నేను నా కాళ్ల వైపు చూసుకున్నాను. ఆమె కూడా చూసింది. గొలుసు ఉంటుందేమోనని కాదు గానీ, ఇద్దరం చూశాం.

"పిచ్చి కాదు. ఆటిజం" అన్నాను. అంతవరకు ఆ మాట ఇంటి బయట ఎవరితోనూ అనలేదు. అన్నాక ఏమీ కూలిపోలేదు. ఎదురుగా టీ అంగడిలో ఆయన గ్లాసులు కడుక్కుంటూనే ఉన్నాడు.

"అంటే?"

"చప్పుళ్లు, వెలుగులు నాకు ఎక్కువ తగుల్తాయి. పదిమంది ఒకేసారి మాట్లాడితే ఒక్కటీ అర్థం కాదు. ఎప్పుడు మాట్లాడాల్నో, ఎప్పుడు గమ్మునుండాల్నో తెలీదు. అనుకున్నది మారిపోతే తట్టుకోలేను, పోయి ఒగ మూల కూసుంటా. పుట్టినప్పటి నుంచి ఇంతే. పోయేది కాదు, అంటేది కాదు."

"ఇట్లుండేవాళ్లకు లెక్కలు బాగా వస్తాయంట గదా?"

"నాకు రావు. పదోతరగతిలో లెక్కలే తప్పినా."

ఉదయశ్రీ నవ్వబోయి ఆపుకుంది. వెంటనే ఆమె కళ్లు చిన్నవయ్యాయి. "ఇంత చక్కంగా మాట్లాడతాండావే. ఇట్ల చెప్పమని నీకు ఎవరన్నా నేర్పిచ్చినారా?"

"బాగా మాట్లాడితే నేర్పిచ్చినారంటారు. మాట్లాడకపోతే పిచ్చిదంటారు. నువ్వే చెప్పు, ఎట్ల మాట్లాడాల్నో."

ఆమె మాట వేరే వైపు తిప్పింది. "ఒగటి నిజం చెప్తావా? నువ్వు లేవని చెప్పింది మీ అమ్మానాయన. మీ అన్నకు తెలిసే జరిగిందా?"

"నాకు తెలీదు."

నిజంగానే తెలియదు. చిన్నప్పుడు సంతలో ఎవరూ నాకు తగలకుండా అన్న చేతులు రెండూ చాపి నా ముందర నడిచేవాడు. అదీ నిజమే, ఇదీ నిజమే. రెండింటినీ కలపడం నాకు రాలేదు.

ఉదయశ్రీ ఫోను తీసింది. స్పీకరు పెట్టి బల్ల మీద, నేను కోస్తున్న లైనింగు పక్కన ఉంచింది. అన్న వెంటనే ఎత్తాడు. నా ఫోను ఎత్తడానికి తీరిక లేని మనిషి.

"తిన్నారా?" అంది ఆమె.

"ఇప్పుడే. నువ్వు?" అన్న గొంతు నాకు తెలియనంత మెత్తగా ఉంది.

"తిన్నా. ఒగటి అడగాల. మా అమ్మ మళ్లీ అడుగుతాంది. మీకు తోడబుట్టినోళ్లు నిజంగా ఎవరూ లేరా?"

అన్న నవ్వాడు. "ఎన్నిసార్లు చెప్పాల? నేను ఒక్కణ్ణే. మా ఇంట్లో నీకు ఆడబిడ్డ పోరు ఉండదులే, భయపడాకు."

అరుగు మీద మిషను ఆగింది.

ఉదయశ్రీ ఇంకేదో రెండు మాటలు మాట్లాడి ఫోను పెట్టేసింది. నాకు వెంటనే ఏమీ అనిపించలేదు. నాకెప్పుడూ అంతే, బాధ వెనక బస్సులో వస్తుంది. లైనింగు గుడ్డ మడత సరిగా రాలేదని విప్పి మళ్లీ మడిచాను.

"నీకేం ఉందో ఏమో అని భయపడుకుంట వచ్చినా" అంది ఉదయశ్రీ, చీర సంచీలో పెట్టుకుంటూ. "నీకుండేదానితో నాకేం భయం లేదు. చెల్లెలే లేదని అంత సులువుగా నవ్వుకుంట చెప్పినాడే, దానితో భయం. రేపు నాకేమన్నా అయితే నన్ను యాడికి పంపిచ్చి, ఏం చెప్తాడో."

"నువ్వూ అబద్ధంతోనే వచ్చినావు. మూడుసార్లు" అన్నాను.

ఆమె మెట్టు మీద ఆగిపోయింది. "అవును. తప్పే" అంది. ఆ తర్వాత ఎండలోకి వెళ్లిపోయింది.

అత్త వచ్చేసరికి నేను గుడ్డల బేళ్ల వెనక నేల మీద ఉన్నాను, చెవుల్లో బిళ్లలు పెట్టుకుని, మోకాళ్లలో తల పెట్టుకుని. వెనక బస్సు అప్పటికి వచ్చేసింది. దస్తగిరమ్మ అత్తతో ఏం చెప్పిందో గానీ, అత్త నన్ను లేవమనలేదు. లైట్లు ఆర్పి, చెంబుతో నీళ్లు పక్కన పెట్టి, షట్టరు సగం దించింది.

* * *

సంబంధం చెడిపోయింది. కడపవాళ్లు కారణం దాచకుండా మొహాన్నే చెప్పారట. రెండో రోజుకే అమ్మ, నాయన, అన్న ముగ్గురూ రాయచోటికి వచ్చేశారు.

అన్న చెప్పులైనా విడవలేదు. "ఏం చెప్పినావు ఆ పిల్లకు?"

"అడిగినదానికి చెప్పినా."

"కావాలనే చేసినావు. నన్ను నాశనం చేయాలనే ఆ పిల్లను పిలిపిచ్చినావు. ఫోన్ చేసినావా? ఎవరి దగ్గర నంబరు తీసుకున్నావు?"

వాళ్లకు నా మీద అనుమానం. నాకు నవ్వొచ్చింది. నవ్వకూడని చోట నవ్వడం నాకున్న మరో రోగమని అమ్మ అంటుంది. "నీకు పెండ్లని నాకు తెలిస్తేగదా పిలిపిచ్చేది? ఆ పిల్ల అడిగింది, నేను చెప్పినా. నిన్నూ అడిగింది. నువ్వూ చెప్పినావు. నేను ఈ బల్ల కాడనే ఉన్నా."

అన్న బల్ల వైపు, నా వైపు మార్చి మార్చి చూశాడు. ఫోను స్పీకరులో ఉందన్న సంగతి కడపవాళ్లెవరూ అన్నకు చెప్పలేదని నాకు అప్పుడు తెలిసింది.

"ఏం చెప్పినావురా?" అన్నాడు నాయన. అన్న అప్పుడు వంగి చెప్పులు విడిచాడు.

అమ్మ ఏడుపు మొదలుపెట్టింది. "నీ మంచికే అనుకున్నాం తల్లీ. వాడి పెండ్లి అయిపోతే, ఆ పిల్ల ఇంట్లో కుదురుకున్నాక, మెల్లగా చెప్దామని."

"ఇన్నాళ్లు నేను యాడుండినానని చెప్దామనుకున్నారు? అంతవరకు పుట్టలేదనా?"

"నువ్వు అట్ల మాట్లాడాకు."

"ఎట్ల మాట్లాడినా అట్ల మాట్లాడాకు అంటావు."

నాయన అరుగు మీద కూర్చుని తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ ఉండిపోయాడు. చెమటో మరొకటో నాకు తెలియదు. సాయంత్రం బస్సుకు బయలుదేరమన్నారు. నేను రానన్నాను. పత్తికొండలో నా కోసం గోడ మీద మేకు కూడా లేదన్నాను. బలవంతంగా నా సంచీ పట్టుకోబోయిన అమ్మ చేతిని అత్త అడ్డుకుంది.

"వదినా, జబ్బుల పేరు చెప్పి మీరే తెచ్చి ఇడిసినారు. నేనూ మీ మాటకు తలూపినా, నాదీ తప్పే. ఇప్పుడు మాత్రం పిల్ల ఇష్టం. ఉంటానంటే ఉండనీ" అంది.

అప్పుడు కూడా నాకు అత్త మీద కొంచెం అనుమానమే. కూలి ఇవ్వనక్కర్లేని మనిషి దొరికిందని ఉంచుకుంటోందా అని. ఆ మాట అడిగితే అత్త చాలాసేపు నవ్వి, ఆ నెల నుంచి జీతం ఇచ్చింది. ఇప్పటికీ రాయచోటిలోనే ఉన్నాను. బుద్ధి పుట్టినప్పుడు పత్తికొండకు పోయి వస్తాను, తిరుగు టికెట్టు ముందే తీసుకుని.

* * *

తొలి వానలు పడ్డాక ఒక పొద్దున అన్న ఒక్కడే వచ్చాడు. చిక్కిపోయాడు. మెట్ల కింద, చూరు నీళ్లు కారుతున్న చోట నిలబడ్డాడు. లోపలికి రమ్మని నేను అనలేదు, వద్దనీ అనలేదు. అంగడిలో ఒక ఆవిడ రవికె గుడ్డలు చూసుకుంటోంది. దస్తగిరమ్మ మిషను తొక్కుతోంది.

"అమ్మ నిన్ను తోడుకొని రమ్మనింది" అన్నాడు.

"ఎవరైనా సంబంధం వాళ్లు వస్తాండారా?"

"లేదు. ఎవరూ రాలేదు."

అన్న చేతుల వైపు చూశాను. జేబులో ఉన్నాయి. ఏమీ తెలియలేదు.

"తప్పయిపోయింది పద్మా" అన్నాడు. తప్పయిపోయిందని అందరూ అంటారు. బస్సులో కాలు తొక్కినవాళ్లు కూడా అంటారు. నమ్మాలో లేదో తెలియక, నాకు తెలిసిన పద్ధతిలోనే అడిగాను.

"రేపు ఎవరన్నా వచ్చి, నేను ఎవరని అడిగితే ఏం చెప్తావు?"

"నా చెల్లెలని చెప్తా."

"ఏమిటికి ఇట్లుంది అని అడిగితే?"

  "ఆటిజం ఉండాదని చెప్తా."

"ఇప్పుడు చెప్పు. గట్టిగా."

మిషను చప్పుడు ఆగింది. అన్న చేతులు జేబుల్లోంచి బయటికి వచ్చాయి. ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకదానితో ఒకటి పట్టుకున్నాడు.

"ఈ పిల్ల నా చెల్లెలు. ఆటిజం ఉండాది" అన్నాడు.

గుడ్డలు చూసుకుంటున్న ఆవిడ తలెత్తింది. నన్ను చూసి, అన్నను చూసింది. "ఆటిజమా? అంటే ఏందప్పా?" అని అన్ననే అడిగింది.

అన్న ఆవిడ వైపు చూశాడు, చూరు నీళ్ల వైపు చూశాడు, నా వైపు చూశాడు. నేను సాయం చేయలేదు.

"నాకు సరిగా తెలీదక్కా" అన్నాడు.

ఆ ఎండాకాలం మొదలైనప్పటి నుంచి మా ఇంట్లోవాళ్లు చెప్పినవాటిలో, చేతుల వంక చూడకుండా నేను నమ్మిన మాట అదొక్కటే. బల్ల కింది స్టూలు లాగి, వాన తడి తగలని చోట వేశాను.